పెళ్లితెరకు కిటికీలు పెట్టిన మా చెల్లెమ్మ

మా చెల్లెమ్మ పోయింది. కబురు వచ్చినప్పుడు నేను డ్రైక్లీనింగ్ షాపులో ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తున్నాను. ఫోన్‌లో వాళ్లమ్మాయి, ఆస్పత్రిలో నర్సు. "అంకుల్, మామ్ నిద్రలోనే వెళ్లిపోయింది. పొద్దున కాఫీకి లేపితే లేవలేదు" అంది. సరేనమ్మా అని ఫోన్ పెట్టేసి, చేతిలో పని మధ్యలో వదలడం నాకు అలవాటు లేదు కనక ఆ ప్యాంటు పూర్తి చేశాను. తీరా ఇస్త్రీ చెయ్యబోతే, కాలు దూరే దారి లేకుండా అడుగున మూసి కుట్టేసి ఉంది. నా చేతిలో అలాంటి పని ఎన్నడూ జరగలేదు. ఆవిడ ఉంటే వారం రోజులు నవ్వేది.

చెల్లెమ్మ అన్నానని మన తెలుగు మనిషి అనుకోకండి. ఆవిడది ఫిలిప్పీన్స్. అమెరికాలో, ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంటుకి సరిగ్గా పై వాటాలో ఉండేది. నన్ను 'కూయా' అని పిలిచేది. వాళ్ల భాషలో అన్న అని అర్థం. నాకు తోడబుట్టిన ఆడపిల్ల లేదు. కనపడిన ప్రతివాళ్లనీ వరస పెట్టి పిలిచే రకాన్నీ కాను. ఈవిడని మాత్రం పిలిచాను. నాకు చదువు అంతంతమాత్రం. అయినా మన పత్రికవాళ్లు "ఆ తెర సంగతి మీరు కాకపోతే ఎవరు రాస్తారు" అన్నారు. నిజమే, నేనే రాయాలి. మా ఇద్దరికీ వచ్చింది ముక్కల ఇంగ్లీషు. ఆ మాటలు ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

మొదటి పరిచయమే గొడవ. డెబ్బైల చివర, మేం ఆ అపార్ట్‌మెంటులో దిగిన కొత్త. ఆవిడ మెట్ల మీద వెలుతురులో కూర్చుని, ఉల్లిపొరలాంటి గుడ్డని చెక్క చట్రానికి బిగించి, సూదిమొనతో పోగులు లాగి పారేస్తోంది. నేను పొందూరు నేతగాణ్ణి. మా అమ్మ వాలుగచేప దవడతో పత్తి దువ్వి వడికిన నూలుతో నేను నేసిన పంచెలు చూసి మావైపు పెద్దపెద్దవాళ్లు వంక పెట్టలేక నోరు మూసుకున్నారు. తమ్ముడు ఇక్కడ డాక్టరై పిలిపిస్తే వచ్చాను గానీ వాడింట్లో కూర్చుని తినలేదు. మగ్గం లేకపోతే సూది పట్టుకున్నాను. అలాంటివాడి కళ్లముందు ఒక మనిషి పోగులు పీకుతుంటే ఊరుకుంటానా?

"ఏమమ్మా, మంచి గుడ్డని ఎందుకు పాడు చేస్తున్నావు?" అన్నాను.

"పాడు చెయ్యడం లేదు. గాలి పెడుతున్నాను" అంది తల ఎత్తకుండానే.

"ఆ పోగు నేసినవాడు చూస్తే ఏడుస్తాడు."

"అతను ఎక్కడో వేరే దీవిలో ఉన్నాడు. అక్కడినుంచి ఏడిస్తే నాకు వినపడదు."

నాకు ఎదురు చెప్పిన మనిషి అంటే కోపమూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. కూర్చుని చూశాను. కొన్ని పోగులు తీసేసి, మిగిలినవాటిని దారంతో చుట్టి, చిన్న చిన్న గళ్లుగా కట్టి, ఆ ఖాళీలోనే పువ్వు తేలుస్తోంది. ఆ పనిని వాళ్లు కలాడో అంటారట. ఆ గుడ్డ అనాస ఆకుల నారతో నేసిందట. వేళ్లతో పట్టుకుని చూశాను. మనసులో భేష్ అనుకున్నాను. పైకి మాత్రం "చూద్దాం" అన్నాను.

వాళ్ల ఊరి పేరు లుంబాన్. పెద్ద చెరువులాంటి సరస్సు, అందులోకి వెళ్లే ఏరు, ఏటి పక్కన రాతిచర్చి. ప్రతి ఇంటి కిటికీ దగ్గరా ఒక చట్రం ఉంటుందట, మన ఊళ్లలో ఇంటికో మగ్గం ఉన్నట్టు. ఎప్పుడో స్పెయిన్ నుంచి ఫాదర్లు వచ్చారు, చర్చి బల్లల మీద పరిచే గుడ్డలు కుట్టడం ఆడపిల్లలకి నేర్పించారు. తర్వాత అమెరికావాళ్లు వచ్చి పసిపిల్లల గౌన్ల మీద పువ్వులు కుట్టించుకున్నారు. "దొరలు మారారు కూయా, సూది మాత్రం మాదే" అనేది. ఆ మాట నాకు బాగా నచ్చింది, మా మగ్గాలకి కూడా పనికొస్తుంది. అక్కడ మగవాళ్లూ కుడతారు. వాళ్ల నాన్న చేపలు పట్టేవాడు. వల లాగిన చేతులు గరుకై గుడ్డకి పట్టుకుంటాయని, అరచేతులు నున్నటి రాయితో రుద్దుకుని గాని చట్రం ముందు కూర్చునేవాడు కాదట.

వాళ్ల పెళ్లికొడుకులు, దేశాధ్యక్షుడితో సహా పెద్దమనుషులు వేసుకునే చొక్కా బరోంగ్. అది వేసుకుంటే లోపలి బనియను కనిపిస్తుంది.

"బనియను కనిపించే చొక్కాతో పెళ్లికి వెళ్తారా?" అని నేను ఎగతాళి చేస్తే, "మీ పంచెలో పిక్కలు కనిపించవా? మావాళ్లు బనియనైనా వేసుకుంటారు" అనేది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయేది.

జనవరిలో వాళ్ల ఊరి దేవుడు సెబాస్టియన్‌ని పడవ మీద ఏట్లో ఊరేగిస్తారు. ఒడ్డునున్నవాళ్ల మీదా పడవలోవాళ్ల మీదా నీళ్లే నీళ్లు. తడవకుండా ఇంటికెళ్లినవాడు లుంబాన్ మనిషి కాదట. ఒక జనవరి పొద్దున, వేళ్లు కొంకర్లు పోయే చలిలో నేను పనికి బయల్దేరుతుంటే పైనుంచి మగ్గుడు నీళ్లు నెత్తిమీద పడ్డాయి. తల ఎత్తి నోటికొచ్చినట్టు తిట్టాను, అచ్చతెలుగులో. ఆవిడ రెయిలింగ్ మీదకి వంగి, "ఇవాళ్టినుంచి నువ్వు మా ఊరివాడివి, వెళ్లి చొక్కా మార్చుకో" అంది. ఆ సాయంత్రం అరిటాకులో చుట్టిన తెల్లటి జున్నుముక్క పంపింది. వాళ్ల ఊళ్లో గేదెపాలతో చేస్తారు. ఇక్కడ గేదె ఎక్కడిది? షాపులో పాలు విరగ్గొట్టి చేసింది. గేదెలు లేని దేశంలో మనుషులు ఎలా బతుకుతున్నారో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇక తెర. మా ఇంట్లో ఆడపిల్ల పెళ్లికి అడ్డుతెర తండ్రే నెయ్యాలి. జీలకర్ర బెల్లం పెట్టేదాకా పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ మధ్య పట్టే తెర. తెల్లటిది, ఎర్రంచు. మా తాత నేశాడు, మా నాన్న నేశాడు. నేను ఊరు వదిలే ముందు, మా అమ్మాయికి పావడా కట్టే వయసులోనే, మా అమ్మ వడికిన చివరి నూలుతో నేసి పెట్టుకున్నాను. నా మగ్గం మీంచి దిగిన ఆఖరి గుడ్డ అదే. ఇనప పెట్టెలో మడత పెట్టి తెచ్చుకున్నాం.

పెళ్లి దగ్గర పడ్డాక మా ఆవిడ మడత విప్పి చూస్తే, పెట్టె తుప్పు ఒకచోట అంటుకుని మడత మడతకీ దిగిపోయింది. తెర పరిస్తే నడిమధ్యన ఈ చివరినుంచి ఆ చివరిదాకా వరసగా గోధుమరంగు మచ్చలు. నా నోటికి భయపడి నాకు చెప్పలేదు. మెట్లెక్కి వెళ్లి చెల్లెమ్మ చేతిలో పెట్టింది. "పెళ్లి గుడ్డ. ఈ మచ్చలు పోవాలి" అని మాత్రం చెప్పింది. దేనికి వాడతామో చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

పెళ్లి ఇంకా కొద్ది రోజులుందనగా ఇస్త్రీ నేనే చేస్తానని తెర అడిగాను. మా ఆవిడ తెచ్చి మంచం మీద పరిచింది. మచ్చ ఉన్న చోటల్లా పోగులు తీసేసి పువ్వులు. అద్దంలా ఆ పక్కనుంచి ఈ పక్కకి కనిపిస్తోంది. అదీ సరిగ్గా మనిషి కంటి ఎత్తున. ఒళ్లు మండిపోయింది. తెర పట్టుకుని పైకి వెళ్లాను.

"ఏం చేశావిది?"

"మచ్చ తీశాను."

"మచ్చతో పాటు గుడ్డ కూడా తీసేశావు."

"గుడ్డ ఉందిగా, చుట్టూ."

"ఇది తెర. పెళ్లికొడుకు పిల్లని చూడకూడదని అడ్డం పెట్టేది. దీనికి కిటికీలు పెట్టావు. పదిమందిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అప్పుడు చూశాను ఆవిడ మొహంలో రంగు పోవడం. కుర్చీలో కూర్చుండిపోయింది. "మూసే గుడ్డ అని నాకెవరూ చెప్పలేదు కూయా. మా ఊళ్లో పెళ్లి గుడ్డంటే కనిపించడానికే" అంది. తెర అంచు చేత్తో సవరిస్తూ, "అస్తరు వేసి కుట్టేస్తాను. ఒక్క పువ్వూ కనపడదు" అంది. ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషి అలా మెత్తగా మాట్లాడేసరికి తెర తీసుకుని వచ్చేశాను.

ఇంట్లో మా అమ్మాయి ఇంకో పాట. "నాన్నా, అస్తరు వద్దు. ఐ లవ్ ఇట్. అయినా మేమిద్దరం ఆల్రెడీ చూసుకున్నాం కదా, మూడుసార్లు డిన్నర్‌కి కూడా వెళ్లాం."

"అది వేరు, ఇది వేరు" అన్నాను.

"ఎలా వేరు?"

నోరు మూసుకో అన్నాను.

మర్నాడు షాపులో దీపం కింద ఆ తెర పరుచుకున్నాను, తప్పులు వెతకాలనే. ఒక్క తెల్లపోగు కూడా అనవసరంగా తెగలేదు. తుప్పు పట్టినవే పోయాయి. పువ్వులు కట్టిన దారం చూశాను. బజారు దారం నున్నగా ఉంటుంది. ఇది ఒకచోట సన్నం, ఒకచోట లావు. ఆ నడక నాకు తెలుసు. అది మా అమ్మ చేతి నూలు. తెర కొసల్లో నేను వదిలిపెట్టిన కుచ్చుపోగులు ఒక్కొక్కటే తీసి, వాటితోనే కట్టింది. బయటి పోగు ఒక్కటీ రానివ్వలేదు. మగ్గం ఎక్కినవాడికి తప్ప ఇంకొకరికి ఇది కనపడదు, ఆవిడ ఎవరికీ చెప్పనూ లేదు. అస్తరు వేస్తే నేను మా అమ్మ నూలునే కప్పేసినట్టు.

సాయంత్రం పైకి వెళ్లాను. అప్పటికే అస్తరుకి తెల్లసిల్కు ముక్కలు కత్తిరించి బల్ల మీద పేర్చుకుని ఉంది.

"చివరి పువ్వు కొంచెం వంకర" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూసింది. "అక్కడ తుమ్మాను. తప్పు పట్టావంటే బాగా చూశావన్నమాట."

"చూశాను. ఆ సిల్కు తీసి లోపల పెట్టు. పెళ్లిరోజు తెర ఒక కొస నేను పడతాను. రెండోది పిల్లకి మేనత్త పట్టాలి. ఆ చివర నువ్వు నిలబడు."

ఆవిడ లేచి స్టవ్ దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగి చాలాసేపు కాఫీ కలిపింది. చక్కెర వెయ్యడం మరిచిపోయింది. తాగేశాను.

పెళ్లి ఒక స్కూలు హాల్లో. చెల్లెమ్మ వాళ్ల దేశపు జాకెట్టు వేసుకుని వచ్చింది, దాని చేతులు భుజాల దగ్గర సీతాకోకచిలుక రెక్కల్లా లేచి ఉన్నాయి. తెర ఎత్తగానే మా వియ్యపురాలు, "అన్నయ్యగారూ, ఈ కన్నాలేమిటండీ?" అంది అందరికీ వినపడేట్టు.

"కన్నాలు కావమ్మా, పువ్వులు. మా చెల్లెలి చేతి పని" అన్నాను. నా గొంతు ఆ హాల్లో మైకు లేకుండా చివరిదాకా వెళ్లింది.

పురోహితం చేస్తున్నది ఒక ఇంజినీరుగారు. "తెర ఉండాలన్నారు గానీ ఎంత మందం ఉండాలో ఎక్కడా చెప్పలేదండీ" అని ఆయన మంత్రం అందుకున్నారు. మా అల్లుడు మెల్లగా వంగి ఒక పువ్వుకి కన్ను ఆనించబోయాడు. చెల్లెమ్మ తన కొస ఇంత పైకి లేపింది. అతనికి ఉత్త గుడ్డ ఎదురైంది. ఇంకో పువ్వు దగ్గరికి జరిగితే ఈసారి కిందికి దించింది. హాలంతా నవ్వులు, వియ్యపురాలితో సహా.

ఆ తర్వాత ఆ తెర మా ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. ఇర్వింగ్‌లో, హ్యూస్టన్‌లో ఏ తెలుగువాళ్ల పెళ్లి అయినా అడిగి తీసుకెళ్లేవాళ్లు. తెరతో పాటు ఆవిడనీ పిలిచేవాళ్లు, పెళ్లికొడుకుని ఆడించడానికి. వెళ్లిన ప్రతిచోటా పులిహోర రెండుసార్లు పెట్టించుకునేది.

ఆవిడ పోయాక వాళ్లింట్లో తొమ్మిది రోజులు ప్రార్థనలు జరిగాయి. ప్రార్థన అవగానే భోజనాలు, పేకాట, పాటలు. ఏడుద్దామని వెళ్లి కడుపునిండా తిని వచ్చాను. ఆ తొమ్మిది రోజులు పూర్తయిన వారానికే ఒక పెళ్లి. తెర ఇవ్వనని చెప్పాలనుకున్నాను, ఆ రెండో కొస ఇంకెవరి చేతిలోనూ చూడలేననిపించింది. నర్సు పిల్లే ఫోన్ చేసి, "అంకుల్, మామ్ వస్తానని మాటిచ్చిందట. నేను వస్తాను" అంది.

డ్యూటీ దిగి అవే తెల్లబట్టలతో సరాసరి వచ్చింది. నాకెదురుగా కొస పట్టుకుని కదలకుండా నిలబడింది. వాళ్లమ్మలా ఆడించడం ఆ పిల్లకి చేతకాలేదు, పెదవి బిగపట్టుకుని ఉంది. పెళ్లికొడుకు పొడుగరి. మోకాళ్లు వంచి ఒక పువ్వుకి కన్ను ఆనించాడు. అవతల పెళ్లికూతురు పొట్టిది, పీట మీద మునివేళ్లపై లేచి అదే పువ్వు కోసం చూస్తోంది. ఆమె కంటికి అది జానెడు పైన ఉంది, అందడం లేదు. ముహూర్తానికి ఇంకా టైముంది. ఇంజినీరుగారు పుస్తకంలో తల దూర్చి ఉన్నారు.

నేను నా కొస కొంచెం కిందికి దించాను.