జంపఖానా మీద సెనెగల్

హన్మకొండ చౌరస్తా దగ్గర కొత్తగా తెరిచిన బేకరీ ముందు నుంచి పొద్దున్నే నడిస్తే, కరిగిన వెన్న వాసన రోడ్డు మీదికి వచ్చి మనిషిని పట్టుకుంటుంది. అద్దాల వెనుక నెలవంకల్లా వంగి, పొరలు పొరలుగా విచ్చుకున్న క్రొసాలు పేర్చి ఉంటాయి. నాకు మిగిలిన నాలుగు ఫ్రెంచి మాటల్లో అదొకటి. ఎవరైనా నీకు ఫ్రెంచి వచ్చా అని అడిగితే, వచ్చింది, మళ్ళీ పోయింది అని చెబుతుంటాను. ఎట్లా వచ్చిందో, ఎందుకు పోయిందో చెప్పాలంటే కొత్తవాడలో మా పాత ఇంటిదాకా వెళ్ళాలి.

ఆ ఇంట్లో ముందు మగ్గం, ఆ తర్వాతే మనుషులు. గడప దాటగానే సగం నేసిన జంపఖానా, పక్కన రంగు ఆరని నూలు. ఆ సందులోంచి ఒంగి, పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి వెళ్తే వంటిల్లు వచ్చేది. వానకాలం నూలు ఆరక ఇల్లంతా తడి పత్తి వాసన; ఎండకాలం వీధి పొడవునా తీగల మీద ఎరుపు, పసుపు, నీలం నూలు చిలపలు వేలాడుతుంటే, వాటి మధ్య దాగుడుమూతలు ఆడి, ఏ రంగు వెనుక దాక్కున్నామో మా వీపులే చెప్పి పట్టించేవి. నానమ్మ గడప మీద కూచుని అష్టాచెమ్మ కోసం చింతగింజలు అరగదీస్తూ, లోపల నాయిన పేక పోగులను దగ్గరికి కొట్టే ఇనుప పంజా చప్పుడు ఆగితే చాలు, "ఏమైందిరా?" అని కేకేసేది. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది ఆమె తరచుగా కేకేయాల్సి వచ్చేది. మిల్లు సరుకు వచ్చి, మా వాడలో ఒక్కో ఇంట్లో మగ్గం విప్పి కట్టెలు అటకెక్కిస్తున్న కాలమది. బడిలో నా గోళ్ళకు పట్టిన రంగు చూసి "హోలీ ఎప్పుడో అయిపోయిందే, చేతులు కడుక్కోవా?" అనేవాళ్ళు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నడిచేదాన్ని. సార్లు దాన్ని వినయం అనుకునేవారు.

ఆ ఏడాదే మా బడి యజమాని, కరస్పాండెంట్ సార్‌కు, హైదరాబాదు బడులను చూసి ఫ్రెంచి మీద మోజు పుట్టింది. యానాం నుంచి ఒక టీచర్ వచ్చింది. గంజి పెట్టిన నూలుచీర, మాట చివర మాటిమాటికీ "అండీ". ఆమె ఊరు ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేదట. యాడ యానాం, యాడ కొత్తవాడ అని వారం రోజులు నవ్వుకున్నాం. మిగతా పాఠాలు బట్టీ పట్టేవాళ్ళం కానీ, ఈ భాషను నిజంగానే ముక్కున పట్టాల్సి వచ్చేది. జలుబు చేసిన పిల్లలకే మంచి ఉచ్చారణ అని తేలింది.

ఫ్రాన్సులో చలికాలం ఒక పండుగకు రొట్టెలో గింజ దాచి పంచుతారని, ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఆ పూటకు రాజని చెప్పి, అదే మలీదతో చేద్దామంది టీచర్. నానమ్మ వేడి రొట్టెలను చేత్తో నలిపి, బెల్లమూ నెయ్యీ వేసి, ఇల్లంతా ఘుమఘుమలాడించి ముద్దలు కట్టింది. ఒక ముద్దలో చింతగింజ పెట్టింది. క్లాసులో ముద్దలన్నీ అయిపోయినా రాజు తేలలేదు. కాసేపటికి రమేశ్ అనేవాడు కడుపు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టాడు.

"టీచర్, నేను మింగిన! నా కడుపుల చెట్టు మొలుస్తదా?"

"మొలవదు నాన్నా. నువ్వే రాజువి, ఏడవకూడదండీ" అంది టీచర్, కంగారులో వాడిని కూడా అండీ అని.

అన్నిటికంటే నాకు గుండెలో దిగింది సెనెగల్ పాఠం. ఫ్రెంచి అంటే ఒక్క ఫ్రాన్సు కాదని, కెనడాలో మంచు మధ్య ఉన్నవాళ్ళూ ఆఫ్రికాలో సముద్రం పక్కన ఉన్నవాళ్ళూ మాట్లాడతారని చెబుతూ, సెనెగల్‌లో మగవాళ్ళు చెట్టు నీడన మగ్గం పెట్టుకుని సన్నటి పట్టీలు నేస్తారని, వాటిని పక్కపక్కన కుట్టి దుప్పటి చేస్తారని బొమ్మ చూపించింది. ఆ బొమ్మలో మనిషి నాయిన లాగే మెడ ముందుకు చాచి కూచున్నాడు. నా బడి పుస్తకాల్లో డాక్టరు ఉన్నాడు, పోలీసు ఉన్నాడు, నేతగాడు రావడం నాకదే మొదలు. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు చేతులు ఊపుకుంటూ నడిచాను.

అంతలోనే కరస్పాండెంట్ సార్ పిడుగులాంటి మాట చెప్పాడు. ఈ భాష ఎందుకని తల్లిదండ్రులు అడుగుతున్నారట. వార్షికోత్సవం నాడు వాళ్ళు మెచ్చితే ఫ్రెంచి ఉంటుంది, లేకుంటే ఆ పీరియడు లెక్కలకు పోతుంది, టీచర్ యానాం పోతుంది. సెనెగల్ పోతే నేను మళ్ళీ చేతులు వెనక్కి కట్టుకోవాలి.

నేనే వెళ్ళి నాయినను బతిమాలాను: ఫ్రెంచి మాట్లాడే ప్రపంచమంతా జంపఖానా మీద నేసివ్వమని. టీచర్ కాగితం మీద గీసిచ్చింది. నాయిన పూలు, గళ్ళు, నెమళ్ళు నేసినవాడే కానీ దేశాలు నేయలేదు. అయినా నీలి సముద్రం మీద రంగురంగుల దేశాలు పొద్దున్నుంచి మాపటిదాకా నేస్తూ పోయాడు; మ్యాపు ఒక కొలిక్కి వచ్చింది. దేశాల పేర్లు మాత్రం నేయనన్నాడు.

"అక్షరం ఒక దిక్కుకెళ్ళే చదువస్తది బిడ్డా. జంపఖానాకు ఉల్టా, సీదా ఉండద్దు. రెండు దిక్కుల ఒక్కతీరుగుండాలె. అట్ల లేకుంటె మన పని కాదది."

వార్షికోత్సవం పొద్దున, తలా ఒక దేశంగా పటం మీద చెయ్యి పెట్టి ఫ్రెంచిలో చెప్పాల్సిన మేమంతా క్లాసులో ముస్తాబవుతుంటే, నాయిన ఒక్కడే వేదిక మీద దాన్ని వెదురు బొంగులకు ఎత్తుగా, గట్టిగా బిగించి కట్టాడు. దుమ్ము తక్కువున్న దిక్కును జనం వైపు పెట్టాడు. ఏ నేతగాడైనా అంతే చేస్తాడు. ముందు తెర దించి ఉండటంతో టీచర్ కూడా చూడలేదు.

తెర లేచింది. రిహార్సలు చేసిన చోటుకే పరుగెత్తి చేతులు పెట్టాం. కెనడాగా నిలబడ్డ స్వప్న చెయ్యి రష్యా మీద పడింది. సెనెగల్‌నైన నేను "నా పక్కనే మహాసముద్రం" అని ఫ్రెంచిలో చెబుతూ ఆఫ్రికా నడిమధ్య ఎడారిలో నిలబడ్డాను. ముందు వరసలో ఒక పిల్లవాడి తండ్రి, లాయరు, లేచాడు.

"అరే, ఇండియా ఎడమకు పోయిందేంది? పటమే ఉల్టా కట్టిండ్రు! వీళ్ళా మన పిల్లలకు దేశాలు చూపేది?"

జనం గొల్లుమన్నారు. వెనక వరసలోంచి నాయిన లేచి, చేతులు జోడించి, "సార్, జంపఖానాకు ఉల్టా, సీదా ఉండదు సార్" అన్నాడు. అప్పటిదాకా నవ్వనివాళ్ళు కూడా నవ్వారు. విప్పి తిప్పి కట్టే వ్యవధి లేదు; కరస్పాండెంట్ సార్ అప్పటికే మైకులో డాన్సు పిల్లలను పిలుస్తున్నాడు.

టీచర్ వేదిక అంచుకు వచ్చింది. "వెనక్కి రండి, అమ్మా, అయ్యా! వెనక నుంచి చూస్తే సరిగ్గానే ఉంటుందండీ. ఒక్క అయిదు నిమిషాలండీ!" ఆమె గొంతు పాట హోరులో మునిగిపోతున్నా పిలుస్తూనే ఉంది. ఎవరూ లేవలేదు. నాయిన ఒక్కడు వచ్చాడు.

గోడకూ జంపఖానాకూ మధ్య మనిషి పట్టేంత సందులో, అవతల డాన్సు అడుగుల దడదడ మధ్య, మేము వరసగా మా దేశాలు చెప్పాం. ఇటువైపు ప్రపంచం సరిగ్గానే ఉంది. నా వంతు వచ్చినప్పుడు సెనెగల్ మీద చెయ్యి పెట్టి, పట్టీల గురించి తెలుగులో కూడా చెప్పాను.

"ఎంత వెడల్పు నేస్తరు మేడం?" అని అడిగాడు నాయిన.

"జానెడు ఉంటుందండీ."

"మరి కుట్టుకాడ డిజైను ఎట్ల కలుస్తది?"

"తెలీదండీ. కనుక్కుని చెబుతాను" అంది టీచర్, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ సోమవారం నుంచి ఆ పీరియడులో లెక్కలు. టీచర్ మమ్మల్ని కలవకుండానే వెళ్ళిపోయింది. మ్యాపు ఇంటికి వచ్చి నానమ్మకు పక్క అయింది. ఆమె కాళ్ళకింద మొదట కెనడా చిరిగింది, తర్వాత ఫ్రాన్సు, ఆఖరుకు మిగిలిన సముద్రంతో అమ్మ వాకిలి తుడిచింది.

ఇప్పుడు ఆ బడి చోట షాపింగ్ కాంప్లెక్సు ఉంది, మా వీధి తీగల మీద ఇంటర్నెట్ కేబుళ్ళు తప్ప రంగులు లేవు, మా మగ్గం ఉన్న చోట ఫ్రిజ్జు గుర్రుమంటోంది. మొన్న ఆదివారం ఫోనులో సెనెగల్ నేతగాడి వీడియో ఒకటి దొరికింది. నాయినకు చూపించాను. ఆయన అద్దాలు సరిచేసుకుని, మెడ ముందుకు చాచి చూశాడు. ఫోనులోని మనిషి రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి, కుట్టు దగ్గర వేలు ఆనించి ఏదో చెబుతున్నాడు. ఫ్రెంచే, ఆ ముక్కుపలుకు గుర్తుపట్టాను, మాటలే అందలేదు. అనువాదం అడిగితే ఫోను "గొర్రె గోడకు తల్లి అగును" అని తేల్చింది.

"డిజైను మంచిగ కలిపిండు" అన్నాడు నాయిన. "ఎట్లనో చెప్తాండు గదా. ఏమంటాండు బిడ్డా?"

వీడియోను వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. ఫోనులోని మనిషి ఎంతో ఓపికగా, ఒక్కటీ వదలకుండా, అంతా చెబుతూనే ఉన్నాడు.