ఉల్లెడ కింది కొంగు

మా వారు పోయాక ఆయన బల్ల సొరుగులో ఒక నోటుపుస్తకం దొరికింది. అందులో ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళ అరచేతుల కొలతలు ఉన్నాయి. పేర్లు లేవు. మధ్యవేలి పొడవు, అరచేతి వెడల్పు, చిటికెనవేలు ఎటు వంగి ఉంది, అంతే. తెలియనివాళ్ళు చూస్తే గాజులమ్మేవాడి పుస్తకం అనుకుంటారు. ఆయన నెల్లూరులో ఫోటోగ్రాఫరు. ఒక గుడ్డపీలిక మీద ఉన్న పసుపు చేతి గుర్తు నిజంగా ఒక మనిషిదేనని రుజువు చేయాలని ఏడేళ్ళు పాటుపడ్డారు. మేము కలిసి బతికిన కాలం దానికంటే పెద్ద ఎక్కువేమీ కాదు. కనుక ఆయన గురించి రాయాలంటే దాని గురించే రాయాలి.

యాభైల చివర్లో మా పెళ్ళయింది. బజారువీధిలో ఒక బట్టల కొట్టు పైన మేడగదిలో స్టూడియో, దాని వెనక రెండు గదుల్లో మా కాపురం. పెళ్ళిళ్ళు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు, చావులు. ఆ రోజుల్లో చాలామందికి మొదటి ఫోటో చనిపోయాకే తీసేవారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలిపోకుండా వెనకనుంచి ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఆ పట్టుకున్న చెయ్యి కనపడకుండా మా వారు నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో దిద్దేవారు. గంటలు పట్టేది. నేను పక్కన కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. ఇద్దరికీ మాట్లాడే అలవాటు తక్కువ.

పెళ్ళయిన మరుసటి ఏడు, చేపల వ్యాపారి ఒకాయన చెబితే, మాఘ పౌర్ణమికి సముద్రపు ఒడ్డున ఉన్న ఒక జాలరి పాళేనికి వెళ్ళాం. కొంత దూరం బస్సు, ఆ తర్వాత ఉప్పుకాలువ మీద పడవ.

"ఆ పెట్టెలో ఏముందయ్యా, అంత బరువుండాది? అమ్మగారి చీరలా?" అని అడిగాడు పడవవాడు.

"కెమెరా" అన్నారు మా వారు.

"అట్టయితే నన్నొకటి తియ్యి. నా పెళ్ళానికి పంపిస్తా. నేను బతికుండానంటే నమ్మడంలా."

పడవ దిగి, సరుగుడు తోపులో ఇసుక తొక్కుకుంటూ పాళెం చేరాం.

వాళ్ళు చెప్పుకునే కథ ఇది. ఎన్ని తరాల కిందటో, ఆ పాళెంలో ఒకామె భర్త వేటకు పోయి సముద్రం మీంచి తిరిగి రాలేదు. మూడో నాడు ఆమె ఒళ్ళంతా పసుపు రాసుకుని, బొట్టు పెట్టుకుని నీళ్ళలోకి నడిచింది. ఆమె దొరకలేదు. చీర కొంగు మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని మీద ఆమె పసుపు చెయ్యి ఉంది. అప్పటినుంచి ఆమె పేరంటాలమ్మ అయింది. ఆ కొంగు ఊరిపెద్ద ఇంట్లో టేకుపెట్టెలో ఉంటుంది. ఏడాదికి ఒక్కసారి, మాఘ పౌర్ణమి నాటి పగలు, ఆ ఇంటి పెద్ద ముత్తైదువ దాన్ని రెండు చేతుల మీద పట్టుకుని సముద్రానికి చూపించి తెస్తుంది. నలుగురు ఆడవాళ్ళు ఒక చీరను నాలుగు కొసలా ఎత్తి పట్టుకుని దానికి నీడ పడతారు. ఆ నీడను ఉల్లెడ అంటారు. కొంగు మీద ఎండ పడకూడదు.

"సముద్రంలో నానిన గుడ్డ మీద పసుపు ఎట్లా నిలిచిందండీ?" అని నేను దారిలోనే అడిగాను.

"పసుపు నీళ్ళకు పోదు. బట్టలకు పసుపు మరకంటే మీ ఆడవాళ్ళు అందుకేగా భయపడేది" అన్నారు ఆయన.

ఊరిపెద్ద భార్య అప్పటికే ముసలామె. మా వారు ఆమెను బతిమాలారు.

"ఉల్లెడ కొంచెం పక్కకు జరపండవ్వా. ఈ నీడలో బొమ్మ సరిగా పడదు."

"ఎండ తగలకూడదయ్యా. మా అత్త చెప్పింది. ఆమెకి ఆమె అత్త చెప్పింది."

"ఎందుకు తగలకూడదు?"

"ఎందుకో ఎవురడిగినారు? తగలకూడదంతే."

ఊరిపెద్ద నవ్వాడు. "తియ్యనీలేవే. సముద్రంలో మునిగినామెకి ఎండదెబ్బ తగులుద్దా?" చుట్టూ ఉన్న మగవాళ్ళు కూడా నవ్వారు. ఆడవాళ్ళు ఉల్లెడను జరిపారు. కొంగును పీట మీద పరిచి పావుగంట ఎండలో ఉంచారు.

బొమ్మ పడిన గాజుపలకను ఆయన మర్నాడు డార్క్‌రూములో కడిగారు. నన్ను లోపలికి పిలిచారు. ఎప్పుడూ పిలిచేవారు కాదు. ప్రింటు మీద చెయ్యి మెల్లగా పైకి వచ్చింది. పసుపురంగు ఫోటోలో నల్లగా పడుతుందట. కంటికి లేతగా కనిపించిన గుర్తు కాగితం మీద సిరా అద్దినట్టు కనిపించింది. అరచేతి గీతలతో సహా ఉంది. చిటికెనవేలు లోపలికి వంగి ఉంది.

"ఎవరో అచ్చు కొట్టింది కాదిది. ఈ వేలు చూడు. ఇది ఒక మనిషి చెయ్యి" అన్నారు.

అప్పుడే వాళ్ళమ్మ గురించి చెప్పారు. ఆయన ఐదో ఏట ఆమె కలరాతో పోయింది. ఫోటో లేదు. వంటింటి గోడ మీద ఏదో పండగకు ఆమె అద్దిన పసుపు చెయ్యి మాత్రం ఉండేది. ఎత్తు అందక, పీట వేసుకుని దాని మీద తన చెయ్యి ఆనించి చూసుకునేవారట. ఏడాది తిరక్కుండానే వాళ్ళ నాన్న రెండో పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికి ఇంటికి సున్నం కొట్టించారు. ఆయన ఇది ఒకే ఒకసారి చెప్పారు. నేను మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత ప్రతి మాఘ పౌర్ణమికీ వెళ్ళాం. లెన్సు ముందు నీలం గాజు పెడితే పసుపు ఇంకా నల్లగా పడుతుందని కనిపెట్టారు. నీలం గాజు పెడితే వెలుతురు ఎక్కువ కావాలి. అందుకని పావుగంట అరగంట అయింది, తర్వాత గంట దాటింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడో ఏడు నుంచి పాళెం ఆడవాళ్ళ చేతులు కొలవడం మొదలుపెట్టారు. వాళ్ళకది పండగలో పండగ.

"చెయ్యి చూసి జోస్యం చెప్తావా ఫోటో అయ్యా? నా మొగుడు తాగుడెప్పుడు మానతాడో చూడు."

"దానికి నీ చెయ్యి కాదే, వాడి చెయ్యి కొలవాల. సీసా పట్టుకునే చెయ్యి."

ఆయన నవ్వకుండా స్కేలు పెట్టి కొలిచేవారు. నేను పక్కన కూర్చుని అంకెలు రాసేదాన్ని. అంతమందిలో వంగిన చిటికెనవేలు ఇద్దరికే ఉంది. ఒకరు కొంగును దాచే ముసలామె, ఇంకొకరు ఆమె మనవరాలు. ఆ రోజు పడవలో ఆయన ముసలామె కొలతల పక్కన "ఇదే వంశం" అని తానే రాసుకున్నారు. మునిగిపోయినామెదీ ఆ ముసలామెదీ ఒకటే రక్తమని ఆయన నమ్మకం. ఆ సాయంత్రం ఆయన ముఖంలో చూసిన సంతోషం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

నాలుగో ఏడు నుంచి ఫోటోల్లో చెయ్యి పలచబడింది. ఆయన ముందు గాజుపలకలను అనుమానించారు. తర్వాత ఫోటోలు కడిగే హైపో మందును, మా బావి నీళ్ళను. లెన్సుకు బూజు పట్టిందేమోనని మద్రాసు పంపించారు. బాగానే ఉందని తిరిగి వచ్చింది. వెలుతురు చాలడం లేదనుకుని ఐదో ఏడు, ఆరో ఏడు కొంగును ఇంకా ఎక్కువసేపు ఎండలో ఉంచమన్నారు. మాఘమాసంలో పెళ్ళిళ్ళు ఒప్పుకోవడం మానేశారు. ఆయన వద్దన్నవాళ్ళందరూ ఎదురువీధిలో కొత్తగా పెట్టిన స్టూడియోకు పోయారు.

ఆరో ఏడు శ్రావణమాసంలో ఒక పేరంటం ఫోటోలు తీయడానికి వెళ్ళి పంచెకు పసుపు చేసుకొచ్చారు. నేను ఉతికితే పోలేదు. మడత పూర్తిగా విప్పకుండానే తీగ మీద ఆరేశాను. సాయంత్రం తీసి చూస్తే ఎండ తగిలిన వైపు మరక లేదు. మడత లోపల అలాగే ఉంది. ఇది నాకు కొత్త సంగతి కాదు. పసుపు మరకైన బట్టను మా అమ్మ ఎండలోనే వేసేది. ఏ ఇంట్లోనైనా అంతే చేస్తారు. కానీ ఆ పంచె చేతిలో పట్టుకుని మేడ మీద చాలాసేపు నిలబడిపోయాను.

ఆయనకు చెప్పలేదు. చెబితే ఆ గుర్తును చెరుపుతున్నది మీరేనని చెప్పినట్టవుతుంది. వెలుతురు గురించి ఆయనకు తెలియనిది లేదని ఊరంతా అనుకునేవారు, నేనూ అనుకునేదాన్ని. పౌర్ణమికి ఇంకా ఆరు నెలలుంది కదా అనుకున్నాను. తర్వాత నెల ఉంది కదా అనుకున్నాను. చివరకు పడవ ఎక్కినప్పుడు, దిగాక చెబుదామనుకున్నాను.

ఏడో పౌర్ణమి నాడు ఎండ బాగా కాసింది. రెండు గంటలు ఉంచారు. ఆయన నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక వంగి ఎంతసేపటికీ పైకి లేవలేదు. లేచి వచ్చి కొంగు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముఖం దగ్గరగా పెట్టి చూశారు.

"అవ్వా, చెయ్యి ఏది?"

ముసలామె వంగి చూసింది. "పోయినట్టుండాది."

"ఎట్లా పోయింది?"

"ఎట్ట పోవడమేందయ్యా? ఎండలో పెడితే పసుపు పోదా?"

"నీకు తెలిస్తే ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు సదువుకున్నోడివి. నీకు తెలవదనుకుంటామా? ఇంట్లో అమ్మయినా చెప్పలా? ఏ ఆడదాన్నడిగినా చెప్పేదే గదా."

ఆయన తిరిగి నా వైపు చూశారు. నేను ఇసుకలో కూర్చుని ఉన్నాను. తల దించుకున్నాను. ఆయనకు అది చాలు.

పాళెంలో ఎవరికీ కోపం రాలేదు. అది ఆయన తట్టుకోలేకపోయారు. ఊరిపెద్ద దగ్గరికి పోయి, నేను మీ అమ్మవారి గుర్తు చెరిపేశాను, ఏమన్నా అనండి అన్నారు. "అమ్మ యాడికి పోద్దయ్యా, గుడ్డ ఉండాది గదా. రా, అన్నం తిందువు" అన్నాడు ఊరిపెద్ద. ఆడవాళ్ళు ఉల్లెడ ఎత్తి కొంగును ఇంటికి తీసుకుపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో అడిగారు. "నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"పోయిన శ్రావణం నుంచి."

కొంచెంసేపు లెక్క చూసుకున్నారు. "అయితే ఈ రోజు ఒక్కటి ఆపగలిగి ఉండేదానివి" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. మళ్ళీ ఎప్పుడూ దాని గురించి ఎత్తలేదు. ఆ పాళేనికి మళ్ళీ పోలేదు. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు ఫోటోలు తీశారు, చావులకు మాత్రం పోవడం మానేశారు. రెండేళ్ళ తర్వాత వానాకాలంలో న్యుమోనియా వచ్చి, పది రోజులు ఆసుపత్రిలో ఉండి పోయారు.

మరుసటి ఏడు మొదటి ప్రింటు ఒకటి తీసుకుని ఒక్కదాన్నే పాళేనికి వెళ్ళాను. గుర్తు ఎలాగూ లేదు, ఫోటో అయినా వాళ్ళ పెట్టెలో ఉండాలనుకున్నాను. ముసలామె నా నుదురు చూసింది. కళ్ళు తుడుచుకుంది. "నువ్వు ఈ గడప దాటకూడదు తల్లే. ఆడనే కూర్చో" అని పంచలో చాప వేసింది. మజ్జిగ ఇచ్చింది. నేను ఫోటో చేతికిచ్చాను.

చూడగానే అంది. "ఇది మా అత్త చెయ్యి."

"పేరంటాలమ్మది కదా అవ్వా?"

"అమ్మది ఎప్పుడో పోయుంటాది. పసుపు ఎన్నాళ్ళుంటాది? వెలిసిపోతే ఇంట్లో పెద్ద ముత్తైదువ మళ్ళా అద్దాల. నేను కాపురానికొచ్చిన ఏడు మా అత్త అద్దింది. తలుపేసుకుని. నేనే దీపం పట్టుకున్నా. అత్తంటే ఎవురు, మా మేనత్తే. మా ఇద్దరికీ ఇదే వంకర." తన చిటికెనవేలు చూపించింది.

"ఆ రోజు ఈ మాట చెప్పలేదేం అవ్వా?"

"మొగోళ్ళకి చెప్పకూడదు తల్లే. నువ్వడిగుంటే చెప్పుండేదాన్ని. నువ్వు ఇసకలో కూర్చుని తల కూడా ఎత్తలా."

లోపలికి పోయి పెట్టె తెచ్చి గడపకు అవతలే పెట్టుకుని తెరిచింది. కొంగు మీద చెయ్యి ఉంది. పచ్చగా, ఐదు వేళ్ళూ కనిపిస్తూ ఉంది.

"ఎవరిది?"

"నాదే. ఆ ఏడు మీరు పోయిన మర్నాడే అద్దినా. ఫోటో అయ్య మళ్ళా వస్తే బాగా పడుద్దిలే అనుకున్నా. రానే రాలా."

ఆమె ఫోటోను దూరంగా పట్టుకుని మళ్ళీ చూసింది. మా అత్తకి ఫోటో లేదు, ఇది గోడకి పెట్టుకుంటాలే అంది. సరే అన్నాను.

ఇంటికి వచ్చి నోటుపుస్తకం తీశాను. ముసలామె కొలతల పక్కన ఆయన రాసుకున్న మాట కొట్టెయ్యాలనుకున్నాను. "ఇదే వంశం." కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఆ మాటలోనూ తప్పు లేదు. పెన్ను మూసి, పుస్తకాన్ని సొరుగులో పెట్టేశాను.