చప్పుడు చెయ్యని పికప్

రాయదుర్గంలో ఒక అద్దాల భవనం. దాని కింది మూడో సెల్లారులో తెల్లటి పికప్ బండి ఒకటి ర్యాంపు ఎక్కింది, దిగింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. ఇంజను మోగింది గానీ, బండి వెనక భాగం మాత్రం కిక్కురుమనలేదు.

"పిన్ డ్రాప్ సైలెన్స్! చూశారా పెంటయ్య గారూ?" అన్నాడు వంశీ. పాత బండ్లు అమ్మిపెట్టే యాప్ కంపెనీలో ఏరియా మేనేజరు. ముప్పై రెండేళ్లుంటాయి. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు, నోట్లో ఇంగ్లీషు.

స్టీరింగు ముందు కూర్చున్న పెంటయ్య మొహం ముడుచుకుంది.

"అదే పరేషాన్ చేస్తుంది సార్. తొమ్మిదేండ్లు సిమెంటు బస్తాలు మోసిన బండి. దీని నడుము జరంత కూడ మూలుగకపోవుడేంది? యాభై ఆరేండ్లకు నా నడుము లేస్తే మూలుగుతది, కూసుంటే మూలుగుతది."

వంశీ నవ్వాడు. పైవాళ్లు జోకు వేస్తే ఎంత నవ్వాలో, కిందివాళ్లు వేస్తే ఎంత నవ్వాలో ట్రైనింగులో నేర్పి ఉంటారు. ఆ కొలత దాటకుండానే నవ్వాడు.

పెంటయ్యకు హఫీజ్‌పేట్ స్టేషన్ రోడ్డు పక్కన ఇరవై ఆరేళ్లు రేకుల షెడ్డు ఉండేది. చుట్టుపక్కల లారీల వాళ్లు, ఆటో ట్రాలీల వాళ్లు ఆయన్ని 'చెవి పెంటయ్య' అనేవారు. వెనక రెండు చక్రాల మధ్య గుమ్మడికాయలా ఉబ్బి ఉండే ఇనుప గుండును మెకానిక్కులు హౌసింగ్ అంటారు. ఇంజను నుంచి వచ్చే బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్లచక్రాలన్నీ అందులోనే ఉంటాయి. పెంటయ్య పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను దానికి ఆనించి, పిడిని చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. బండి లాగుతున్నప్పుడు ఏడిస్తే ఒక రోగం, ఎక్సిలేటర్ వదిలేసినప్పుడు ఏడిస్తే మరో రోగం, మలుపులో మాత్రమే కటకటమంటే ఇంకో రోగం. విప్పకుండానే చెప్పేవాడు. విప్పితే అదే ఉండేది.

ఆ తర్వాత అభివృద్ధి వచ్చింది. రోడ్డు వెడల్పు చేశారు. షెడ్డున్న జాగాలో ఇప్పుడు సిమెంటు తొట్టిలో నాలుగు తాటిమొక్కలు, వాటి మీద ఊదా రంగు లైట్లు ఉన్నాయి. తాటిమొక్కలకు హౌసింగ్ పోదు కాబట్టి పెంటయ్యకు అక్కడ పని లేకుండా పోయింది. కంపెనీ వాళ్లు పిలిచి, 'వెహికల్ వెల్‌నెస్ ఎక్స్‌పర్ట్' అని పేరు పెట్టి, ఫోనులో రెండు వందల ప్రశ్నలిచ్చారు. సీటు కవరు చిరిగిందా? అద్దం మీద గీతలున్నాయా? లోపల వాసన ఆహ్లాదకరంగా ఉందా? రెండు వందలకు రెండు వందల ఫొటోలు పెట్టాలి. చప్పుడుకు ఫొటో ఉండదు గనక ఆ ప్రశ్నే లేదు. లోపముందని ఎర్ర గుర్తులు ఎక్కువ పెడితే మాత్రం పెట్టినవాడి రేటింగ్ తగ్గిపోతుంది. పెంటయ్య రేటింగ్ అప్పటికే మూడు పాయింట్ ఒకటి. మూడు దాటి కిందికి దిగితే ఐడీ బంద్.

ఈ పికప్‌ను కొనేది వసంత. రాయదుర్గం మెట్రో దగ్గర తోపుడు బండి మీద ఇడ్లి, పెసరట్టు అమ్ముతుంది. పొద్దున ఎనిమిదింటికి ఈ అద్దాల భవనాలన్నిటికీ ఆమె ఇడ్లి కావాలి. పదింటికల్లా అదే ఇడ్లి బండి నగర సుందరీకరణకు అడ్డం. బండ్లు ఎత్తుకుపోయే మున్సిపాలిటీ వ్యాను వస్తుంది. మనుషులు తోసే బండి ఆ వ్యాను కన్నా వేగంగా పోలేదన్న సైన్సు సూత్రాన్ని ఏడాదిలో నాలుగు బండ్లు పోగొట్టుకుని నేర్చుకుంది వసంత. ఇంజనున్న బండి అయితే కీ తిప్పి, ఎత్తు ఎక్కి, మలుపు తిరిగి మాయం కావచ్చు. అందుకే ఆరేళ్ల చిట్టీ పాడి, మొత్తం తెచ్చి ఈ పికప్‌కు కట్టేసింది.

ఆ పొద్దున ఆమె కొత్త చీర కట్టుకుని, డబ్బాలో అరిసెలు పెట్టుకుని వచ్చింది. పై అంతస్తులో షోరూములో బండిని అప్పగించేటప్పుడు పెద్ద కంచు గంట మోగిస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. గంట మోగాక బండి మనది, దాని రోగాలూ మనవే. గంటకు ముందు మాత్రం ఎక్స్‌పర్ట్ ఎర్ర గుర్తు పెడితే బేరం రద్దయి, పైసలు వాపస్ వస్తాయి.

"ఏందన్నా, మంచిగున్నదా?" అనడిగింది వసంత.

"రోడ్డు మీద తోల్తె గాని చెప్పలేను చెల్లె. నలభై దాటాలె. నలభై, యాభై మీదనే హౌసింగ్ నోరు తెరుస్తది."

"రోడ్ టెస్ట్ పాలసీలో లేదండీ" అన్నాడు వంశీ. "ర్యాంప్ టెస్ట్ చాలు."

"ఆమె ర్యాంపు మీద ఇడ్లి అమ్మదు గద సార్."

వంశీ వాచీ చూసుకుని, "అరగంట. అంతే" అన్నాడు.

పదకొండు గంటలకు రాయదుర్గంలో నలభై మీద బండి తోలాలనుకోవడం పెంటయ్య చేసిన తప్పు. ప్రపంచ స్థాయి రోడ్డు, ప్రపంచ స్థాయి లైట్లు, ప్రపంచంలో ఉన్న కార్లన్నీ అక్కడే. ఒక్కో కారులో ఒక్కో మనిషి, ఒక్కో మనిషి చెవిలో ఒక్కో మీటింగు. స్పీడోమీటరు ముల్లు పద్నాలుగు దాకా పోయి సిగ్గుపడి వెనక్కి వచ్చింది. ఫ్లైఓవర్ ఖాళీగా కనబడింది గానీ, మొదట్లోనే బోర్డు: సరుకు బండ్లకు ప్రవేశం లేదు. ఇళ్లలోకి సరుకు ఆకాశం నుంచి పడుతుందని ఆ బోర్డు రాసినవాళ్ల నమ్మకం కావచ్చు. అరగంటలో కిలోమీటరున్నర తిరిగి, మళ్లీ అదే సెల్లారుకు వచ్చారు.

"సంతృప్తేనా?" అన్నాడు వంశీ. "పైన కేక్ కూడా రెడీ."

పెంటయ్య బండి కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. హౌసింగ్ అంతా తొమ్మిదేళ్ల మట్టి, నూనె కలిసి అట్టకట్టింది. దాని మధ్యలో నూనె పోసే బిరడా బోల్టు ఒక్కటే కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. అంచుల మీద పానా పట్టిన తాజా గుర్తులు.

"సార్, మొన్ననో నిన్ననో ఎవరో దీని మూతి తెరిచిన్రు."

"సర్వీసింగ్ చేసుంటారు."

"బండంతట్ల ఒక్క ఈ బోల్టుకే సర్వీసింగ్ చేసిన్రా?"

పెంటయ్య జాకీలు తెమ్మన్నాడు. వెనక రెండు చక్రాలూ నేల వదిలి పైకి లేచేలా స్టాండ్లు పెట్టి, ముందు చక్రాల కింద ఇటుకలు దోపాడు. ఇంజను స్టార్ట్ చేసి టాప్ గేరు వేశాడు. వెనక చక్రాలు గాల్లో గిర్రున తిరిగాయి. ముల్లు ఇరవై, ముప్పై, యాభై. ఆ మధ్యాహ్నం రాయదుర్గం మొత్తంలో యాభై మీద పోతున్న బండి అదొక్కటే. అది ఉన్న చోటు నుంచి అంగుళం కదల్లేదు.

అయినా చప్పుడు లేదు. వంశీ మొహం వెలిగింది.

"ఆగున్రి. నూనె వేడెక్కనియ్యాలె" అన్నాడు పెంటయ్య.

అయిదు నిమిషాలు. పది. పన్నెండో నిమిషంలో ఎక్కడో తుమ్మెద ఎగిరినట్టు సన్నగా మొదలైంది. తర్వాత ఊళలోకి దిగింది. ఎక్సిలేటర్ మీద కాలు తీస్తే ఊళ పెద్దదైంది. పెంటయ్య ఇంజను అలాగే వదిలేసి దిగి, తిరిగే చక్రాలకు ఎడంగా కిందికి వంగి, స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత పిడి వసంతకు ఇచ్చాడు.

"కొంగు నడుముకు చెక్కుకో. చక్రం దగ్గరికి రాకు. జర చెవి పెట్టి చెప్పు, ఏమినవడ్తుంది?"

వసంత చెవి పెట్టింది. మొహం మారిపోయింది.

"గ్రైండర్ల రాయి పడితె గిట్లనే మొత్తుకుంటది అన్నా. మొన్న నా గ్రైండర్ సచ్చిపోయేముందు ఇదే చప్పుడు."

ఇరవై ఆరేళ్ల అనుభవానికి అంతకన్నా సూటిగా రోగం పేరు దొరకలేదు. పెంటయ్య ఇంజను ఆపి, పానాతో ఆ తళతళలాడే బోల్టు విప్పి, వేలు లోపలికి పెట్టి తీశాడు. నల్లటి నూనెలో ఉప్మారవ్వలా పసుపుపచ్చని పలుకులు. వాసన చూశాడు.

"రంపపు పొట్టు" అన్నాడు. "వడ్రంగి దుకాణంల బస్తాలకు బస్తాలు దొరుకుతది. నూనెల కలిపి పోస్తె అరిగిన పండ్ల నడుమ మెత్తలెక్క ఇరుక్కుంటది. రెండు రోజులు చప్పుడుండదు. అమ్మేదాకా ఆగితె చాలు గద."

కింది బోల్టు కూడా తిప్పేశాడు. పళ్లెం పెట్టాడు గానీ నూనె వేడిగా ఉండి చిందింది. అద్దంలా మెరిసే సెల్లారు నేల మీద నల్లటి మడుగు కట్టింది. మడుగులో ఇనుప రజను మిలమిలలాడింది. ఒక చోట గోరంత పంటి ముక్క.

అంతవరకూ వంశీ నోట్లో ఉన్న ఇంగ్లీషు ఎటు పోయిందో, సొంతూరు ప్రొద్దుటూరు యాస బయటికొచ్చింది.

"ఏందప్పా ఇది! ఎంత పని చేస్తివి! ఫ్లోరంతా నాశనం చేస్తివి గదప్పా! పైనోళ్లకు నేనేం చెప్పల్ల?"

పన్ను విరిగిన బండి గురించి ఒక్క మాట లేదు. నేల మీద మరక గురించే ఆయన బాధంతా.

"సార్" అంది వసంత, "ఈ బండి ఎన్నాళ్లు నడుస్తదో గది చెప్పున్రి."

"నేనేం మెకానిక్కా?"

"మరి నా బండి కాడికొచ్చి రోజు 'చట్నీల ఉప్పు తక్కువైంది' అని చెప్తరు గద. మీరేం వంటోళ్లా?"

వంశీ గొంతు తగ్గించాడు. ఆయన తినేది ఆ ఇడ్లే అన్న సంగతి సెల్లారులో పని చేసేవాళ్లందరికీ తెలుసు.

"చూడండమ్మా, బండికి ఫ్రీగా కొత్త పెయింట్ కోటింగ్ వేయిస్తాను. ఏడాది వారంటీ."

"వారంటీల హౌసింగ్ ఉన్నదా?" అన్నాడు పెంటయ్య.

వంశీ ట్యాబులో చాలాసేపు వెతికాడు. వైపర్ బ్లేళ్లు ఉన్నాయి. హారన్ ఉంది. హౌసింగ్ లేదు.

వసంత పెంటయ్య వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చెప్పు. ఉన్నదున్నట్టు."

"రెండు నెలలు నడవొచ్చు. రేపే ఎత్తు మీద పట్టేసి, వెనక చక్రాలు రెండు బిగుసుకపోవొచ్చు. నీ వెనక వ్యాను, నీ బండిల సలసల కాగే సాంబారు. ఆ టైముల పట్టేస్తె పోయేది బండొక్కటే కాదు చెల్లె."

వసంత అరిసెల డబ్బా మూత గట్టిగా నొక్కింది. "అయితే నాకొద్దు. నా పైసలు నాకిప్పియ్యి."

"పెంటయ్య గారూ" అన్నాడు వంశీ. మళ్లీ 'గారు' వచ్చింది. "ఒక్క క్షణం ఆలోచించండి. ఎర్ర గుర్తు పెడితే మీ రేటింగ్ ఏమవుతుందో తెలుసు కదా? సిస్టమ్ ఆటోమేటిక్. నా చేతిలో ఏమీ ఉండదు."

వీళ్ల చేతిలో ఎప్పుడూ ఏమీ ఉండదు. షెడ్డు పడగొట్టిన రోజు జేసీబీ ముందు నిలబడ్డ అధికారి కూడా ఇదే మాట అన్నాడు.

పెంటయ్య నూనె చేతిని ప్యాంటుకు తుడుచుకుని ఫోను తీశాడు. నూట తొంభై తొమ్మిది ప్రశ్నలు పచ్చగా ఉన్నాయి. రెండు వందోది: 'ఈ వాహనాన్ని మీ కుటుంబానికి సిఫారసు చేస్తారా?' ఆయన ఎర్ర గుర్తు మీద బొటనవేలు నొక్కాడు. వేలికి నూనె ఉండి ఫోను తీసుకోలేదు. వసంత తన కొత్త చీర కొంగుతో ఆ వేలు తుడిచింది. మళ్లీ నొక్కాడు.

బేరం రద్దయింది. మూడు పనిరోజుల్లో మొత్తం వాపస్ అని వసంత ఫోనుకు మెసేజి వచ్చింది. పెంటయ్య ఫోనుకూ వచ్చింది. ఇన్నాళ్ల సేవలకు కృతజ్ఞతలు, ఐడీ నిలిపివేశాం, మాతో మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలిస్తారు?

పైన గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. లిస్టులో పేరు ఎర్రగా కనబడింది, కంపెనీ టీషర్టు ఇచ్చి పోవాలన్నాడు. పెంటయ్య అక్కడే విప్పి, మడత పెట్టి మరీ ఇచ్చాడు. చిల్లులు పడ్డ బనీనుతో, స్క్రూడ్రైవర్ పట్టుకుని గ్రానైటు మెట్ల మీద నిలబడ్డాడు. లోపలికి పోతున్న కుర్ర ఉద్యోగులు పక్కకు తప్పుకుని పోయారు.

"పట్టు" అని అరిసె ఒకటి చేతిలో పెట్టింది వసంత. "గంట మోగినంక తిందమనుకున్న. గంట వాళ్లదే గాని, అరిసెలు నేను చేసినయే గద."

ఆయన కొరికాడు.

"రేపు నాకు మళ్ల తోపుడు బండే అన్నా. వ్యానొచ్చేదాంక అమ్ముత. పదింటికి వస్తవా? పటాన్‌చెరు దిక్కు పాత బండ్ల అడ్డాలు మస్తున్నయంట. నువ్వు చెవి పెట్టు, నేను బేరం చేస్త."

"పది ఎందుకు? ఎనిమిదింటికే వస్త" అన్నాడు పెంటయ్య. "వ్యానొస్తె నెట్టడానికి ఇంకో మనిషి ఉండాలె గద."