రెక్క మూయమన్నాడు

మా బావ కంటే పిరికివాడు ఈ భూమ్మీద పుట్టలేదు. పుట్టినా వాడు బయటికి రాడు. లిఫ్టు ఎక్కడు. ఉరిమితే మంచం కిందికి దూరతాడు. అలాంటివాణ్ణి మా అక్క ఎలా చేసుకుందని అడక్కండి, మొదటిసారి ఇంటికొచ్చి నోరు విప్పకుండా కూర్చుంటే గంభీరుడనుకుంది. అయితే సూది పట్టాడంటే మాత్రం సింహం. లారీలకు టార్పాలిన్లు, దుకాణాలకు పరదాలు కుడతాడు. ఆయన కుట్టు తెగడం ఎవరూ చూడలేదు. తొమ్మిదో తరగతిలో చదువుకు దండం పెట్టి ఆయన దగ్గర చేరినవాణ్ణి, నా మాట నమ్మొచ్చు.

ఒకసారి మ్యూజియం వాళ్లు పిలిచారు. కోట్ల ఏళ్ల కిందట బతికిన ఎగిరే సరీసృపానికి నిలువెత్తు బొమ్మ చేసి హాలు కప్పుకు వేలాడదీశారు. రెక్కలకు గుడ్డ తొడగాలి. తలెత్తి చూడగానే బావ నా వెనక్కి చేరాడు. నేనూ రెండడుగులు వెనక్కేశాను గానీ, అది బొమ్మ పూర్తిగా కనబడాలని.

"నిజంగా ఇంతుండేదా అమ్మా?" అన్నాడు, ఎముకల చదువు చదివిన డాక్టరమ్మతో.

"ఇంతే. నేలమీద నిలబడితే జిరాఫీ అంత ఎత్తు. రెక్కలు చాపితే ఈ కొన నుంచి ఆ కొనకు బస్సు పొడవు. బరువు ముగ్గురు మనుషులంత."

"అంత బరువు ఎలా లేచేదండీ?"

"ఎముకలు బోలు కదా. పైగా పక్షిలా కాళ్లతో గెంతేది కాదు. మడిచిన రెక్కల మీదికి వాలి, వాటితోనే నేలను తన్ని లేచేదని మా అంచనా. ఆపైన గాలి దొరికితే రెక్క కొట్టే పనే లేదు, తేలిపోయేది."

"గాలి దొరికితే..." అని బావ గొణిగాడు.

"భయమెందుకు బావా! చిన్నప్పుడు ఓ గద్ద నా చొక్కా పట్టుకుని రెండు మేడలు దాటించింది. విసుగొచ్చి నేనే దిగిపోయాను."

"నువ్వు దిగలేదురా. నీ వాగుడు భరించలేక అదే వదిలేసింది."

చివరికి ఒక్క కుట్టు మిగిలింది. అది రెక్క మోచేతి దగ్గర, లోపలివైపు. బావ సూదీ కత్తెరా పట్టుకుని చక్రాల పరంజా ఎక్కి, నడుము దాకా రెండు పొరల గుడ్డ మధ్యకు దూరాడు. కింద పరంజా కదలకుండా నేను పట్టుకున్నాను. రెక్కను చాపడానికీ మడవడానికీ కప్పీ మీదుగా ఒక తాడుంది. దాని దగ్గర ఇద్దరు పనివాళ్లు కూర్చున్నారు.

బయట గాలివాన లేచింది. హాలు తలుపు రెక్క ఒకటి గడియ ఊడి దబ్బున తెరుచుకుంది. గాలి లోపలికి దూకి సరాసరి ఆ గుడ్డ కిందికి చేరింది. రెక్క ఉబ్బింది. ఉబ్బడమే కాదు, మీ మీద ఒట్టు, లేచింది. వేలాడే తీగలు వదులయ్యాయి. బస్సంత బొమ్మ ఊపిరి పీల్చినట్టు పైకి పోయి, ధడాలున దిగి, మళ్లీ పోయింది. ఇందులో అతిశయోక్తి లేదు. నా కోతలన్నీ ఆ క్షణాన నన్నొదిలి పారిపోయాయి.

"రెక్క మూయండి!" లోపల్నుంచి బావ కేక. "ముందు రెక్క మూయండ్రోయ్!"

ఆయన చెప్పింది తలుపు రెక్క. తాడు దగ్గరివాళ్లకు కళ్లెదుట కనబడుతున్నది వేరే రెక్క. ఇద్దరూ లేచి బలంకొద్దీ తాడు లాగారు.

రెక్క మడతపడింది, బావతో సహా. ఆయన పాదాలు పరంజా పలక మీది నుంచి లేచాయి. చెప్పు ఒకటి వచ్చి నా భుజాన పడింది. పైన గుడ్డ మూటలోంచి రెండు కాళ్లు మాత్రం వేలాడుతూ గాలిని తన్నుతున్నాయి.

"ఆ రెక్క కాదయ్యా! తలుపు రెక్క!" నా గొంతు కీచుమంది.

వాళ్లు బిత్తరపోయి తాడు వదలబోయారు.

"వదలకండి!" డాక్టరమ్మ అరిచింది. "ఇప్పుడు వదిలితే గాలికి విచ్చుకుని ఆయన్ని గోడకేసి కొడుతుంది!"

ఆమె పరుగెత్తి తలుపుకు వీపు ఆనించి నెట్టింది. గాలి ఆమెనే వెనక్కి నెట్టింది.

పైన కాళ్లు తన్నడం ఆగిపోయింది.

"బావా!"

పలకలేదు. అక్కకు ఏం చెప్పను?

"కత్తెర ఉందిగా, కోసెయ్యమను!" అంది డాక్టరమ్మ. అదే నేనూ అరిచాను.

బావిలోంచి వచ్చినట్టు బావ గొంతు వినబడింది. "కుట్టు మీదా... గుడ్డ మీదా?"

"ఎక్కడో ఒకచోట కొయ్యి బావా, నీకు పుణ్యముంటుంది!"

"గుడ్డ కొస్తే... అతుకెయ్యాలిరా..."

"అతుకు నేనేస్తా! నువ్వు ఊపిరి పీల్చు చాలు!"

టక్. టక్. కుట్లు ఒక్కొక్కటే తెగుతున్నాయి. ఇంత గట్టిగా కుట్టి చచ్చావేమయ్యా అని ఆయన పనితనాన్ని మొదటిసారి తిట్టుకున్నాను. చీలికలోంచి నడుము దిగింది, తర్వాత భుజాలు. పరంజాను ఆయన కాళ్ల కిందికి నెట్టాను. మనిషి పలక మీదికి జారిపడ్డాడు, కత్తెర పిడికిట్లోనే ఉంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు డాక్టరమ్మ, "బొమ్మను కిందికి దించాకే కుట్టండి" అంది.

బావ తల అడ్డంగా ఊపాడు. "ఇవాళ ఎక్కకపోతే ఇక జన్మలో నిచ్చెన ముట్టనమ్మా. దుకాణాల పరదాలన్నీ నిచ్చెన మీది పనే. రెక్కాడితే గానీ డొక్కాడని బతుకు మాది."

తలుపుకు తనే గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నన్ను కూర్చోబెట్టాడు. తాడు దగ్గర ఎవరినీ ఉండనివ్వలేదు.

"పైనుంచి నేనేం అరిచినా నువ్వు లేవకు."

"ప్రాణం మీదికొచ్చినా?"

"అప్పుడు విడమరిచి అరుస్తాలే."

ఎక్కుతుంటే పరంజా మొత్తం వణికింది. ఆ రోజు గాలి లేదు.