దేవుడి మేకు మీది తాళంచెవి: ఆర్మూర్‌లో ఒక రోజు

ఆర్మూర్ వెళ్తున్నానని ఆఫీసులో చెప్పగానే ఇద్దరు అంకాపూర్ కోడికూర తెమ్మన్నారు, ఒకావిడ కొత్త పసుపు తెమ్మంది. నేను వెళ్తున్నది కూరకూ పసుపుకూ కాదు, ఒక తుపాకి గొడవకు అంటే నవ్వులాట అనుకున్నారు. కాలేజీ హాస్టల్లో నా గదిలో ఉండిన శైలజ ఇప్పుడు ఆర్మూర్‌లో పసుపు కమీషన్ వ్యాపారం చేసే ఇంటి కోడలు. నన్నూ, నా ఏడేళ్ల కూతురు మిన్నునూ రమ్మని ఎప్పటి నుంచో పిలుస్తోంది. ఈసారి ఫోన్‌లో మాట మారింది. "నువ్వు రావే, నాకు జర ధైర్యంగ ఉంటది. మిన్నును మాత్రం తోలుకరాకు. సోమవారం మా ఇంటికి తుపాకి మళ్లొస్తున్నది," అంది. నా బిడ్డను రావద్దన్నందుకు నిజానికి నాకు ఆమె మీద కోపం రావాలి. వచ్చింది కానీ ఆమె మీద కాదు, ఆ మాట ఆమె చేత అనిపించిన వస్తువు మీద. వెంటనే సెలవు పెట్టాను.

చదివేవాళ్లకు సంగతి ముందే చెప్పేస్తాను. శైలజ మామగారు లింబాద్రి సేటుకు లైసెన్స్ ఉన్న జోడు గొట్టాల తుపాకి ఉంది. సీజన్‌లో నగదు సంచులతో పల్లెల వెంట తిరిగిన రోజుల్లో తీసుకున్నది. ఇప్పుడు వ్యాపారమంతా బ్యాంకుల్లోనే నడుస్తున్నా తుపాకి మాత్రం ఇంట్లో ఇనుప బీరువాలో ఉండిపోయింది. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్స్ తుపాకుల్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, కోడ్ ముగిశాక తెచ్చుకుంటారు. అలా అది కొన్నాళ్లు స్టేషన్‌లో ఉంది. ఆ కొన్నాళ్లే కంటి నిండా నిద్రపోయానని శైలజ అంటుంది. ఎందుకంటే అంతకుముందు ఒక శుక్రవారం ఆమె ఆరేళ్ల కూతురు సహస్ర ఆ బీరువా తాళం తీసింది. ఇక మీదట తాళంచెవి పిల్లకు అందని చోట ఉండాలి, తూటాలు ఇంట్లో ఉండకూడదు, లేదంటే పిల్లను తీసుకుని తాను వెళ్లిపోతానని శైలజ తేల్చి చెప్పింది. ఉత్త బెదిరింపు కాదు, నిజామాబాద్‌లో అద్దె ఇల్లు చూసి వచ్చింది. ఆమె భర్త మధు తండ్రి ముందు తండ్రికీ, భార్య ముందు భార్యకూ తలూపి, సరిగ్గా ఆ సోమవారం సరుకు పని ఉందని ఊరు దాటేశాడు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు జూబ్లీ బస్ స్టేషన్‌లో నిర్మల్ వైపు వెళ్లే బస్సు ఎక్కితే నేరుగా ఆర్మూర్‌లో దిగవచ్చు. నేను తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్, మగవాళ్లకు మూడు వందల పైచిలుకు అవుతుంది. కామారెడ్డి దగ్గర టీకి ఆపారు. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. ఊరు దగ్గరపడుతుండగా సిద్ధుల గుట్ట నల్ల బండరాళ్లు కనిపించాయి. కిటికీలోంచి ఉడకబెట్టిన పసుపు ఎండే వాసన వచ్చింది. వంటింటి డబ్బాలో ఉండే పసుపు వాసన కాదది, మట్టీ పొగా కలిసిన పచ్చి ఘాటు. మామూలుగా అయితే నేను ఆ వాసన గురించే ఒక పేజీ రాసేదాన్ని.

బస్టాండ్ నుంచి మార్కెట్ యార్డుకు ఆటో ఎనభై అడిగాడు, అరవైకి ఒప్పుకున్నాడు. డ్రైవర్ యాదగిరిది సిరికొండ. ఏం పని మీద వచ్చారని అడిగితే దాచకుండా చెప్పాను. అతను తుపాకి పక్షమే. వాళ్ల ఊళ్లో అడవి పందులు రాత్రికి రాత్రే మొక్కజొన్న చేను పడుకోబెడతాయట. "గా పందులను చూస్తే మీరు గూడ తుపాకి కావాలె అంటరు మేడం. పిల్లలను అదుపుల పెట్టుకోవాలె గని తుపాకిని అని ఏం ఫాయిదా?" అన్నాడు. తుపాకి వద్దని నేననడం లేదని, పిల్ల చేతికి అందకుండా పెట్టమంటున్నానని చెప్పాను. మీ ఇంట్లో పురుగుల మందు డబ్బా ఎక్కడ పెడతారని అడిగాను. అటక మీద, అన్నాడు. మరి పిల్లల్ని అదుపులో పెట్టుకుని డబ్బాను గుమ్మం పక్కనే పెట్టరాదా అన్నాను. అద్దంలోంచి నన్నొకసారి చూసి, సిరికొండ పందుల సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

యార్డులో పసుపు కుప్పల మధ్య నడవాలంటే ముదురు రంగు బట్టలు వేసుకోండి. నేను తెల్ల చున్నీ వేసుకుని వెళ్లి పెళ్లికూతురిలా తయారయ్యాను. సేటు దుకాణం మొదటి వరుసలోనే ఉంది. డెబ్బై దాటిన మనిషి, తెల్ల ధోవతి, నుదుట గంధం. నన్ను చూడగానే లేచి, "రా బిడ్డా, ఎండల పడి వచ్చినవు," అంటూ ఫ్యాను నా వైపు తిప్పించి చాయ్ తెప్పించాడు. అంత మర్యాద చేసే మనిషితో జగడం పెట్టుకోవడం కష్టం. అయినా పెట్టుకున్నాను. తుపాకి గురించి అడిగేసరికి ఆయన నొచ్చుకున్నాడు. "భద్రంగనే ఉన్నది బిడ్డా. ఇన్నేండ్ల సంది ఒక్క దొంగ ముట్టలె," అన్నాడు.

"దొంగ ముట్టలేదు బాబాయ్. సహస్ర ముట్టింది," అన్నాను.

చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆయనకు బదులుగా పక్క దుకాణం సేటు అందుకున్నాడు. ఆయన ఇంట్లోనూ ఒక తుపాకి ఉందట, ఇద్దరు మనవళ్లూ ఉన్నారట. తాళం వేయాలని రూల్ ఉండనే ఉందని, వేస్తున్నామని, అంతకు మించి సర్కార్ ఇండ్లల్లోకి జొరబడితే ఇక పరువూ ఇజ్జతూ ఏముంటాయని వాదించాడు. రేపు వంటింటి కత్తిపీటకు కూడా తాళం వేయమంటారని నవ్వాడు. కత్తిపీట ఈ గదిలో ఉండి ఆ గదిలోని మనిషిని చంపదు కదా అన్నాను. తాళం వేయాలన్న రూల్, తాళంచెవి ఎక్కడుందో అడగకపోతే ఏం లాభమని కూడా అడిగాను. లైసెన్స్ ఇచ్చేటప్పుడూ, దాన్ని పొడిగించేటప్పుడూ ఒక మనిషి వచ్చి, ఇంట్లో పిల్లలున్నారా, చెవి ఎవరి దగ్గర ఉంటుంది, తూటాలు ఎక్కడ పెడతారు అని అడిగితే ఎవరి ఇజ్జత్ పోతుంది? తాళం వేసితిని గొళ్లెం మరచితిని అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇంతకీ సేటుగారింట్లో చెవి ఎక్కడుంటుందో ఆయన్నే చెప్పమన్నాను. దేవుడి గదిలో, పటం పక్కన మేకుకు అని లింబాద్రి సేటు మెల్లగా చెప్పాడు. దేవుడి కన్నా గట్టి కాపలా ఎవరని పక్కాయన అన్నాడు. పక్కనున్న హమాలీలు తలలూపారు.

మధ్యాహ్నం శైలజ నన్ను అంకాపూర్ తీసుకెళ్లింది. ఆర్మూర్ నుంచి ఆటోలో పావుగంట కూడా పట్టదు. ముందే ఫోన్ చేసి చెబితే నాటుకోడి వండి, అన్నంతో సహా సిద్ధంగా పెడతారు. కోడి బరువును బట్టి ఎనిమిది, తొమ్మిది వందల దాకా అవుతుంది, నలుగురికి సరిపోతుంది. కారం తగ్గించమంటే వండే ఆవిడ, "తగ్గిస్తే అంకాపూర్ కూర కాదు బిడ్డా, నీళ్లు తాగుకుంట తిను," అని గిన్నె ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆమె చెప్పింది నిజమే. ముక్కు తుడుచుకుంటూ తింటుండగా శైలజ ఆ శుక్రవారం సంగతి మొత్తం చెప్పింది.

దసరాకు ఆయుధ పూజ చేసినప్పుడు సేటు తుపాకిని బయటికి తీసి, మనవరాలి చేతనే దానికి పసుపు కుంకుమ బొట్లు పెట్టించాడు. ఇంటి బంగారు తల్లికి ఇచ్చిన గౌరవం అది. సహస్రకు ముందే శుక్రవారం శుక్రవారం నానమ్మతో కలిసి గడపకూ, తులసి కోటకూ, బీరువాకూ బొట్లు పెట్టే అలవాటు ఉంది. ఇక ఆ జాబితాలో తుపాకి కూడా చేరిందనుకుంది పిల్ల. ఒక శుక్రవారం నానమ్మ పాలు దించడానికి వంటింట్లోకి వెళ్లగానే పూజ పీట ఎక్కి, మేకు మీది చెవి తీసి, బీరువా తెరిచింది. శైలజ చూసేసరికి పిల్ల కింద కూర్చుని ఉంది, తుపాకి ఒళ్లో ఉంది.

"రెండు గొట్టాలకు రెండు బొట్లు. తడి గూడ ఆరలె. ట్రిగ్గర్ మీద గూడ ఒకటి పెట్టింది. దాని వేలు ముద్ర కనబడుతున్నది. లోపల తూటాలున్నయి. ఖాళీ తుపాకి కట్టెతోని సమానం అని మామయ్య ఎప్పుడు నింపే పెడ్తడు."

తర్వాత ఇంట్లో ఏం జరిగిందని అడిగాను. పిల్ల భక్తికి అత్తగారు మురిసిపోయిందట. సేటు సుత్తి తెచ్చి ఆ మేకును జానెడు పైకి కొట్టాడట. పీట మీద ఇంకో పీట వేసుకుంటే పిల్లకు మళ్లీ అందుతుందని శైలజ అంటే, అశుభం మాట్లాడకని అందరూ మందలించారు. ఆడపిల్ల తల్లి భయపడితే అశుభం, నింపిన తుపాకి ఇంట్లో ఉంటే మాత్రం శుభం. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది.

మూడు గంటలకు సేటు స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టాడు. మేం వెనకే వెళ్లాం. అక్కడి అధికారి మంచిగానే మాట్లాడాడు. ఇచ్చే ముందు ఒకసారి ఇంటికి వచ్చి ఎక్కడ పెడతారో చూడమని శైలజ అడిగింది. తుపాకి వేరు, తూటాలు వేరు, రెండూ తాళంలో ఉండాలని సేటుకు గట్టిగా చెప్పగలను గానీ, ఇంటింటికీ వెళ్లి చూసే పద్ధతి తమ దగ్గర లేదని అతను అన్నాడు. సేటు ముఖం ఎర్రబడింది. కోడలు పదిమందిలో తన ఇంటి గుట్టు విప్పిందని ఆయన బాధ. తుపాకినీ, తూటాల చిన్న సంచినీ గుడ్డ సంచిలో పెట్టుకుని, మాతో మాట్లాడకుండా ఆటో ఎక్కాడు. అంకాపూర్ నుంచి మమ్మల్ని తెచ్చిన యాదగిరి ఆటో బయటే ఉంది, శైలజ అతణ్ని అడ్డదారిన పోనివ్వమంది. తుపాకి పక్షం మనిషే అయినా మమ్మల్ని సేటు కన్నా ముందే ఇంటికి చేర్చాడు.

సేటు వచ్చేసరికి శైలజ గడప మీద కూర్చుని ఉంది. పసుపు పూసి, ముగ్గు పెట్టిన గడప మీద మన ఇళ్లలో ఎవరూ కూర్చోరు. లక్ష్మి వచ్చే దారి అంటారు. అత్తగారు రాజమణమ్మ లోపలి నుంచి లేవమని బతిమాలింది, తర్వాత తిట్టింది. ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. శైలజ రెండు చేతులూ ద్వారబంధానికి రెండు వైపులా ఆనించి కదల్లేదు. నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. తెల్ల చున్నీ ఎలాగూ పాడైపోయింది.

"ముందు మాటియ్యండ్రి మామయ్య. అటెన్క తుపాకి తోని లోపలికి రాండ్రి," అంది శైలజ.

"లైసెన్స్ నా పేరు మీదున్నది. చెవి నీకిస్తే రూల్‌కు అడ్డమైతది. మరి దేవుని దగ్గర కాకపోతే యాడ పెట్టమంటవు?"

"మీ మొలతాడుకు కట్టుకోండ్రి. నాకేం వద్దు. దేవునికి మాత్రం అప్పజెప్పకండ్రి. దేవుడు పిల్లలు అడిగితె ఇచ్చేస్తడు."

వీధిలో ఎవరో నవ్వారు. సేటు నవ్వలేదు. ఏదో అనబోతుండగా స్కూల్ ఆటో వచ్చి ఆగింది. సహస్ర దిగి, తాత చేతిలోని గుడ్డ సంచి చూసి ఎగిరి గంతేసింది. "వచ్చిందా తాత? ఉండు," అని తల్లి చేయి కింద నుంచి దూరి లోపలికి పరుగెత్తింది. శైలజ లేచేలోపే దేవుడి గదిలో పీట మీద పీట పడిన చప్పుడు వినిపించింది. మేమంతా అక్కడే ఉన్నాం. గడపకు లోపలా బయటా నలుగురం పెద్దవాళ్లం, చుట్టూ వీధి వీధంతా ఉంది. పిల్ల ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో పసుపు గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది.

"ఇగో తాత. దింపు, బొట్టు పెడ్తా," అంది.

రాజమణమ్మ వంటింట్లోకి వెళ్లి పట్కారు తెచ్చి, దేవుడి గదిలోకి పోయింది. గోడ పెచ్చులు రాలిన చప్పుడైంది. తిరిగి వచ్చి, వంకరపోయిన మేకును భర్త అరచేతిలో పెట్టింది. "దీన్ని జానెడు పైకి గొట్టినప్పుడే నేను మాట్లాడాలె. మాట్లాడలె. కోడలు చెప్పినట్లు చేయుండ్రి," అంది. తర్వాత వచ్చి కోడలి పక్కన తనూ గడప మీద కూర్చుంది. నానమ్మా, గడప మీద కూర్చోవద్దన్నావు కదా అని సహస్ర అడిగితే, ఇయ్యాల కూసోవచ్చు బిడ్డా, అంది.

లింబాద్రి సేటు తూటాల సంచిని అక్కడే విడిగా తీసి, యార్డు దుకాణంలోని తిజోరీకి తానే తీసుకెళ్తానన్నాడు. మనవరాలి చేతిలోంచి చెవి తీసుకుని, గోడ వైపు తిరిగి మొలతాడుకు ముడేసుకున్నాడు. ముడి గట్టిగా ఉందో లేదో శైలజ లాగి చూపించమంది. చూపించాడు. అప్పుడు అత్తాకోడళ్లిద్దరూ లేచి దారి ఇచ్చారు.

సాయంత్రం బస్సులో తిరిగి వస్తూ నేను సంతోషపడాల్సింది, కానీ పూర్తిగా పడలేకపోయాను. సేటు చెడ్డవాడు కాదు, మనవరాలంటే ప్రాణం. దొంగ నుంచి తుపాకిని కాపాడటమే భద్రం అనుకున్నాడు, తుపాకి నుంచి పిల్లను కాపాడటం అన్న అర్థం ఆయనకు తట్టలేదు. ఆ అర్థం చట్టమే నోరు తెరిచి చెప్పాలని నా వాదన. ఇంటి విషయమని అడ్డుపడేవాళ్లు ఎంతమంది ఉన్నా నేను ఇదే అంటాను. పక్క దుకాణం సేటు ఇంట్లో ఇద్దరు మనవళ్లున్నారు, ఆ ఇంటి గడప మీద ఆ రోజు ఎవరూ కూర్చోలేదు. ప్రతి ఇంట్లో ఒక శైలజ ఉంటుందని నమ్ముకుని లైసెన్సులు ఇవ్వడం కుదరదు.

ఇక మీకొక్క సలహా. పిల్లలతో ఎవరింటికి బస చేయడానికి వెళ్లినా, చుట్టాలైనా స్నేహితులైనా, సంచి దించకముందే అడగండి: ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే దాని తాళంచెవి ఇప్పుడు ఎవరి ఒంటి మీద ఉంది? అలా అడిగితే ఇజ్జత్ పోతుందంటారు. పోనివ్వండి.