నాన్న తిరిగిందే ఉత్తర దిక్కు

దర్జీకి తెలియని విషయం లేదు. అలాగని ఆయనే చెప్పేవాడు. కుట్టు తెలుసు, కోర్టు తెలుసు, పక్కింటివాళ్ళ కాపురం మరీ బాగా తెలుసు. స్నేహితురాళ్ళతో కొండల్లో నడిచే శిబిరానికి వెళ్తానని కూతురు అడిగితే, "దారి తప్పితే ఎవరు దిక్కు? నేను నేర్చుకుని నేనే తీసుకెళ్తా. నా వెనక రా, చాలు" అన్నాడు. నాన్న సంతకంతో పేరివ్వడానికి వచ్చే సోమవారమే గడువు.

పటం, దిక్సూచి నేర్పే తరగతికి ఇద్దరూ వెళ్ళారు. ఇనుము, అయస్కాంతం దగ్గరుంటే ముల్లు తప్పు చూపిస్తుందని పంతులమ్మ చెబుతుంటే, ఈయన ఆవిడ కాలరు వంకర గురించి కూతురి చెవిలో గొణుగుతున్నాడు. జన్మంతా టేపు పట్టినవాడికి పటమొక లెక్కా!

ఆదివారం ఊరి వెనక కొండెక్కారు. ఉత్తరాన ఉన్న పాత నీళ్ళ ట్యాంకు దగ్గరికి ఆయన చేరిస్తే కూతురు శిబిరం మాట ఎత్తదు. చేర్చలేకపోతే స్నేహితురాళ్ళతో వెళ్తుంది. అదీ ఒప్పందం.

దర్జీ దిక్సూచిని గుండెకి ఆనించి బయల్దేరాడు. విరిగిన కంచె దగ్గరికే మళ్ళీ మళ్ళీ వచ్చారు. పొద్దుటెండ కళ్ళలోకి సూటిగా కొడుతున్నా, "ఇదే ఉత్తరం" అన్నాడు. పక్కకి తిరిగి, అదీ ఉత్తరమే అన్నాడు.

"దిక్సూచి నాసిరకం. అంటగట్టాడు వెధవ."

"జేబులో ఏముంది నాన్నా?"

"నా సామాను. నీకెందుకు?"

తీయించింది. కిందపడ్డ గుండుసూదులు ఏరే అయస్కాంతం, ఒళ్ళంతా సూదులతో బయటికొచ్చింది. దాన్ని దూరంగా రాతిమీద పెట్టగానే ముల్లు గిర్రున తిరిగి ఆయన వీపువైపు చూపించింది.

కూతురికి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఇంట్లోనూ ఇదే తంతు. ఆయన ఎటు తిరిగితే అటే ఉత్తరం. అమ్మా, తనూ నోరు మూసుకుని వెనక నడవాలి.

"మీ అమ్మకి చెప్పకు" అన్నాడు దర్జీ, గొంతు తగ్గించి.

"చెప్పను. రేపు శిబిరం కాగితం మీద సంతకం పెట్టు."

ఆయన పటం, దిక్సూచి అందించాడు. "మడత చెడగొట్టకు" అనడం మాత్రం మానలేదు. రాతిమీది అయస్కాంతం మళ్ళీ జేబులో వేసుకుని, అలవాటుగా ముందుకి రాబోయాడు.

"అది జేబులో ఉన్నంతసేపు నా పక్కకి రాకు నాన్నా. వెనక నడు" అంది కూతురు.

నడిచాడు.