రెండో బెర్తు

ఆపరేషన్ థియేటర్‌లో ఇరవై మూడేళ్ళు నిలబడి నిలబడి ఆ నర్సమ్మ పిక్కల మీద నరాలు నీలంగా తేలాయి. దానికితోడు బావ మంచాన పడ్డ ఆరు వారాలూ డ్యూటీ దిగి నేరుగా అక్కయ్య ఇంటికి వెళ్ళి, ఆయన్ను ఒత్తిగిలపెట్టి, పక్కబట్టలు మార్చి వచ్చేది. ఆయన పోయి రెండు నెలలైనా ఆ అలసట ఒంట్లోంచి పోలేదు.

ఒక సాయంత్రం బకెట్లో వేడినీళ్ళు పోసుకుని పాదాలు పెట్టుకుని కూర్చుంటే అక్కయ్య వచ్చింది.

"దక్షిణ ధ్రువం వైపు వెళ్ళే ఓడకి మీ బావ మా ఇద్దరికీ బుక్ చేశారు కదా. ఆయన పేరు తీయించి నీ పేరు పెట్టించాను. ఇంకా పంతొమ్మిది రోజులే."

"నన్ను అడగొద్దూ?"

"అడిగితే వద్దంటావుగా."

"నాకు ఫ్రిజ్ తలుపు తీస్తేనే తుమ్ములొస్తాయి అక్కా!"

"తుమ్ముదువుగాని. ఆ ఓడ గదిలో ఒక్కదాన్నే ఉండలేనే."

మర్నాడే ఆమె సెలవు అడిగింది.

సెలవు చీటీ చూసి, "థియేటర్లో ఏసీ చాల్లేదా నీకు?" అంటూనే హెడ్ నర్సు సంతకం పెట్టింది. ఓడవాళ్ళకు ఆరోగ్య పత్రం కావాలి. ఎందరికో బీపీ చూసిన మనిషి తను చూపించుకుంటే నూట యాభై ఎనిమిది వచ్చింది. డాక్టరు మాత్రలు రాసి, "పదిరోజులు కంటినిండా నిద్రపో. తగ్గితేనే సంతకం" అన్నాడు.

నిద్రపొమ్మనగానే వస్తుందా? మధ్యలో ఉన్ని మేజోళ్ళు, చేతి తొడుగులు, వాంతుల మాత్రలు అంటూ దుకాణాల చుట్టూ తిరుగుడు.

ఒక రాత్రి అక్కయ్య తన ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. మంచులో దిగడానికి బూట్లు ఓడవాళ్ళే ఇస్తారు, సైజు చెప్పాలి. ఆ ఫారంలో ఇంకా బావ సైజు పది అనే ఉంది.

"మూడుసార్లు తెరిచాను. చెయ్యి రాలేదు. నువ్వే మార్చు."

చెల్లెలు పది చెరిపి ఐదు వేసింది. అక్కయ్య ఏడవలేదు. మంచం మీద పరిచిన ఉన్ని బట్టల మధ్యే చోటు చేసుకుని పడుకుంది. చెల్లెలూ పక్కనే వాలింది. ఇద్దరూ తెల్లారేదాకా కదల్లేదు. ఆ తర్వాత చెల్లెలు రోజూ అక్కయ్య పక్కనే పడుకుంది. చివరికి బీపీ దిగింది, సంతకం పడింది.

ఓడ ఎక్కాక రెండు రోజులు సముద్రం ఇద్దర్నీ బెర్తులకే అతికించేసింది. మూడోనాడు కిటికీ నిండా మంచుకొండ. ఒడ్డుకు తీసుకెళ్ళే చిన్న పడవలోకి రమ్మని మైకులో పిలిచారు.

"వెళ్దామా?" అంది అక్కయ్య, లేవకుండానే.

"మధ్యాహ్నం ఇంకో పడవ ఉందట."

"అయితే ఆ దుప్పటి ఇటు లాగు."

మధ్యాహ్నం పడవకి మాత్రం వెళ్ళారు. ఒడ్డున పెంగ్విన్లను చూస్తూ అక్కయ్య, "మీ బావ ఉంటే..." అనబోయి ఆగి, "బాగా చలిగా ఉందే" అంది.

"ఉంటుందిగా" అని చెల్లెలు ఆమె టోపీని చెవుల మీదికి లాగింది.